బడి తలుపు మూసిందెవరు? బొంబాయి ఎడ్యుకేషన్ బోర్డు నిర్ణయాల చరిత్ర

1856 జూన్ నెలలో ధార్వాడలోని సర్కారు బడిలో చేర్చుకోమని ఒక మహర్ కుర్రాడు అడిగాడు. చేర్చుకోలేదు. అర్జీ బొంబాయి ప్రభుత్వం దాకా వెళ్లింది. జూలై 21న ప్రభుత్వం తీర్మానం చేసింది. అందులో ముఖ్యంగా మూడు మాటలున్నాయి. న్యాయం ఈ అర్జీదారు వైపే ఉంది, సందేహం లేదు, కాకపోతే అది సూత్రప్రాయమైన న్యాయం. ఒకరిద్దరి కోసం యుగాల నాటి దురభిమానాల జోలికి హడావుడిగా పోతే విద్యావ్యాప్తికే చేటు. పైగా ఇతనికొచ్చిన కష్టం ఈ ప్రభుత్వం తెచ్చిపెట్టింది కాదు, కాబట్టి ఈ ప్రభుత్వం ఉన్నపళంగా తీసెయ్యగలిగిందీ కాదు. అంటే, నాయనా, న్యాయం నీదే, ఇంటికెళ్లు అని.

దళితుల చదువుల చరిత్ర రాసేవాళ్లు ఈ తీర్మానాన్ని తప్పకుండా పేర్కొంటారు. పేర్కొని, చూశారా తెల్లదొరలు కూడా కులానికి తలవంచారు అని ఒక నిట్టూర్పు విడిచి ముందుకు పోతారు. మా అభ్యంతరం అక్కడే. తలవంచడం అంటే అవతలివాడు వచ్చి మెడ మీద చెయ్యి వేయాలి. ఇక్కడ ఎవరూ వేయలేదు. 1856 జవాబు 1856లో పుట్టింది కాదు. అంతకు ఐదారేళ్ల ముందే బొంబాయి ఎడ్యుకేషన్ బోర్డు దాన్ని వాదం వెంట వాదం పేర్చి, లెక్కలు చెప్పి, పెద్దల పేర్లు ఉదహరించి తయారుచేసి పెట్టింది. ధార్వాడ కుర్రాడి చేతికి వచ్చింది తయారైన సరుకు. ప్రభుత్వ విద్యావిధానాన్ని నిర్ణయించే ఒక బోర్డు ఎట్లా ఆలోచిస్తుంది, ఎవరిని లెక్కలోకి తీసుకుంటుంది, 'వద్దు' అనే మాట వాడకుండానే ఎట్లా వద్దంటుంది అన్నది ఈ వ్యాసంలో మేము చూడదలుచుకున్నాం.

బోర్డు కథ కొంచెం వెనక నుంచి మొదలుపెట్టాలి. 1818లో పేష్వా పాలన పోయింది. 1821లో పూనాలో కంపెనీ ప్రభుత్వం హిందూ కాలేజీ పెట్టింది. డబ్బు ఎక్కడిదంటే పేష్వాలు బ్రాహ్మణులకు ఏటా పంచే దక్షిణ సొమ్ము. రాజు మారాడు, దక్షిణ పుచ్చుకునే చేతులు మారలేదు. బొంబాయి గవర్నరుగా ఉన్న మౌంట్ స్టువర్ట్ ఎల్ఫిన్‌స్టన్ 1823-24 ప్రాంతంలో విద్య గురించి ఒక మినిట్ రాశాడు. ఉదారుడని, విశాలహృదయుడని పేరు పడ్డవాడు. ఆయనకు అందిన సమాచారం ఏమిటంటే, మిషనరీల బడుల్లో అందరికన్నా బాగా చదివేది అట్టడుగు కులాల పిల్లలే అని. దాని మీద ఆయన తేల్చిందేమిటి? వీళ్లకు ప్రత్యేకంగా ప్రోత్సాహం ఇచ్చే ముందు జాగ్రత్తగా ఉండాలి. వీళ్లు అందరూ ఈసడించుకునేవాళ్లు, సంఖ్యలో కూడా తక్కువ. మన చదువు ముందుగా వీళ్లలో వేళ్లూనుకుంటే ఇంకెవరికీ పాకదు. అప్పుడు పనికొచ్చే జ్ఞానంలో అందరినీ మించినా అందరూ ద్వేషించే ఒక కొత్త వర్గానికి మనం పెద్దలమై కూర్చుంటాం. సైన్యం బలం మీదనో, జనంలో ఒక భాగం అభిమానం మీదనో మాత్రమే రాజ్యం నడుపుకుంటే అట్లాగే కానివ్వొచ్చు. పునాది ఇంకా వెడల్పుగా ఉండాలంటే కుదరదు.

ఈ వాదంలో మా పిల్లలకు చదువు రాదు అన్న మాట ఎక్కడా లేదు. చదువు బాగా వస్తుందన్నదే సమస్య. 'మీకు చదువులెందుకురా, బుర్రకెక్కవు' అని ఊళ్లో పెద్దరైతు అనే మాట మనందరం విన్నదే. దొరల కాగితాల్లో దానికి పూర్తి విరుద్ధమైన మాట ఉంది, నిర్ణయం మాత్రం ఒక్కటే.

1840లో ఎడ్యుకేషన్ బోర్డు ఏర్పడింది. అంతవరకూ బడుల వ్యవహారం బొంబాయి నేటివ్ ఎడ్యుకేషన్ సొసైటీ చేతిలో ఉండేది. బోర్డుకి ఒక అధ్యక్షుడు, ఆరుగురు సభ్యులు. ముగ్గురు యూరోపియన్లను ప్రభుత్వం నియమిస్తుంది, ముగ్గురు దేశీయులు సొసైటీ తరఫున వస్తారు. జగన్నాథ్ శంకర్‌సేఠ్, ఫ్రాంజీ కవాస్జీ, మహమ్మద్ ఇబ్రహీం ముక్బా వంటి పట్నం ప్రముఖులు అందులో కూర్చున్నారు. 1843 నుంచి 1852 దాకా అధ్యక్షుడు ఎర్‌స్కిన్ పెర్రీ. ఆ చివరి ఐదేళ్లూ ఆయన బొంబాయి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కూడా. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత పని పడుతుంది.

బోర్డు చరిత్రలో విద్యావేత్తలు ఎక్కువగా మాట్లాడుకునేది 1847 నాటి భాషా వివాదం గురించి. చదువు ఇంగ్లీషులో చెప్పాలని పెర్రీ, దేశభాషలో చెప్పాలని కర్నల్ జెర్విస్, ఆయనతోపాటు దేశీయ సభ్యులు ముగ్గురూ పట్టుబట్టారు. పెద్ద పెద్ద మినిట్లు రాసుకున్నారు. మాతృభాష పక్షం తీసుకున్నవాళ్లను నేటికీ అభ్యుదయవాదులుగా పొగుడుతారు. కావచ్చు. కానీ మా ప్రశ్న వేరు. ఏ భాషలో చెప్పాలన్న తగాదాలో ఎవరికి చెప్పాలన్న ప్రశ్న ఎక్కడ? బోర్డు గదిలో రెండు పక్షాలు ఉన్నాయంటే ప్రజలందరి అభిప్రాయాలూ అక్కడ ఉన్నాయని కాదు. మరాఠీ బడికైనా ఇంగ్లీషు బడికైనా మహర్‌వాడ అంతే దూరం.

ఇక అసలు కాగితం దగ్గరికి వద్దాం. అది 1850-51 సంవత్సరానికి బోర్డు ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక. అంబేద్కర్ దాని పేరాలను సైమన్ కమిషన్‌కి ఇచ్చిన పత్రంలో ఎత్తి రాయకపోయి ఉంటే మనలో చాలామందికి దాని ఊసే తెలిసేది కాదు. నివేదిక ఒక్కో మెట్టూ ఎట్లా దిగిందో చూడండి.

మొదటి మెట్టు డబ్బు. విద్యకు కేటాయించిన సొమ్ము స్వల్పం. ఇంత స్వల్పమైన సొమ్ముతో జనసామాన్యానికి చదువు చెప్పడం అయ్యే పని కాదు. ఇది వినడానికి లెక్కల మాట. కాదనడానికి ఎవరికీ నోరు రాదు. కానీ సొమ్ము ఎందుకు స్వల్పంగా ఉందన్నది బోర్డు వేసుకోని ప్రశ్న. కొరతను ముందుగా ప్రకృతి నియమంలా ఒప్పేసుకుంటే, ఆ తర్వాత మిగిలేది ఎవరిని వదిలెయ్యాలన్న చర్చ ఒక్కటే.

రెండో మెట్టు పలుకుబడి. అందరికీ చెప్పలేం కాబట్టి ఎవరికి చెబితే మిగతావాళ్ల మీదికి ప్రభావం దిగుతుందో వాళ్లకు చెప్పాలి. అంటే పైవర్గాలకు. ఇది బోర్డు సొంత ఆలోచన కూడా కాదు. లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు 1830 సెప్టెంబరులో మన మద్రాసు ప్రభుత్వానికి రాసిన ఉత్తరంలో ఇదే సూత్రం ఉంది. పైనుంచి కిందికి చదువు ఇంకుతుందని. పై పొలానికి నీళ్లు పెడితే కింది పొలానికి ఊట దిగుతుందన్నట్టు. నీళ్లకి గట్టు అడ్డం వేసుకునేవాడు పైరైతే అన్న సంగతి మడి దున్నిన వాడెవడికైనా తెలుసు.

మూడో మెట్టు, పైవర్గాలంటే ఎవరు? బోర్డు నాలుగు రకాలు లెక్కపెట్టింది. భూస్వాములు, జాగీర్దార్లు ఒకటి. ధనికులైన వ్యాపారులు రెండు. సర్కారు పెద్ద ఉద్యోగులు మూడు. నాలుగు, బ్రాహ్మణులు, వాళ్లకు కాస్త దూరంలో కలం మీద బతికే ప్రభు, షెణవీ లాంటి కులాలు. మొదటి మూడు వర్గాలు డబ్బుతో, అధికారంతో నిర్ణయమయ్యాయి. నాలుగోది పుట్టుకతో. ఈ రెండు కొలతల్ని ఒకే జాబితాలో కలిపేసి బోర్డు ముందుకు పోయింది. తర్వాత తానే ఒప్పుకున్నదేమిటంటే, మొదటి మూడు వర్గాలకి చదువు మీద అంత ఆసక్తి లేదు. ఆసక్తి ఉన్నది నాలుగో వర్గానికి. అయితే వాళ్లలో చాలామంది పేదవాళ్లు. కాబట్టి చదువుకుంటామని ముందుకొచ్చే పైకులాల పేద పిల్లలకి తలుపు బార్లా తెరవాలి.

గమనించాలి. మొదటి మెట్టు మీద పేదవాళ్లకు చెప్పడానికి డబ్బు లేదు. మూడో మెట్టు దిగేసరికి పేదవాళ్లకు చెప్పాలని తేలింది. మధ్యలో పేదవాడి కులం మారింది, అంతే.

అక్కడే బోర్డు కాలికి ముల్లు గుచ్చుకుంది. పేదవాళ్లని స్వేచ్ఛగా రానిస్తే ఈసడింపుకు గురయ్యే కులాలు, ధేడ్‌లు, మహర్‌లు గుంపులు గుంపులుగా వచ్చి పడకుండా ఆపేదేమిటి? ఇబ్బందికరమైన ప్రశ్న అని బోర్డే రాసుకుంది. ఆపైన రాసిన వాక్యాలను మేము మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరకుండిపోయాం. సారాంశం ఇది. ఇట్లాంటి పిల్లలతో బొంబాయిలో ఒక తరగతి పెట్టి, బోర్డు దగ్గర ఉన్న అధ్యాపకుల చేత చదువు చెప్పిస్తే, వాళ్లు సమాజంలో ఎవరికన్నా మిన్నయిన తెలివితేటలు గలవాళ్లుగా తయారవుతారనడంలో సందేహం లేదు. ఆ అర్హతలతో వాళ్లు దేశీయులకు తెరిచి ఉన్న అత్యున్నత పదవులు, జడ్జి పదవులు, గ్రాండ్ జ్యూరీలో స్థానాలు ఆశిస్తే అడ్డుకునేదేమీ ఉండదు. హిందూ సమాజం అసహ్యించుకుంటుందని ప్రభుత్వం వెనక్కి తగ్గడం పిరికితనమని, కులం కోట మీద బాహాటంగా దాడి చేయాలని అనే సహృదయులు చాలామంది ఉన్నారు. అయితే, అంటూ బోర్డు ఇక్కడ ఎల్ఫిన్‌స్టన్ మినిట్ తీసి చదివింది. పాతికేళ్ల కిందటి మాట. పాటించాల్సిన దారి అదే అని ముగించింది.

ఈ నివేదిక వెలువడ్డప్పుడు బోర్డుకు అధ్యక్షుడు బొంబాయి ప్రధాన న్యాయమూర్తే. మహర్ పిల్లవాడు జడ్జి కాగలడని ఊహించగలిగిన బోర్డు, ఆ ఊహకే జడిసి తలుపేసింది. అజ్ఞానం వల్ల జరిగిన అన్యాయం అయితే కాలం మీద నెట్టేయొచ్చు. ఇది తెలిసి చేసిన పని. ఎదుటి వాదాన్ని పూర్తిగా, నిజాయితీగా, మంచి ఇంగ్లీషులో రాసి మరీ తోసిపుచ్చారు.

బోర్డు ఎవరిని విచారించింది? ఏ మహర్‌నీ అడగలేదు, సరే. ఇక్కడ పైకులాల వాళ్లు అడ్డుపడ్డారనీ లేదు. వాళ్లు అడ్డుపడతారేమో అన్న ఊహ చాలింది. రాని అభ్యంతరానికి ముందే జవాబు చెప్పేశారు. ప్రభుత్వ బోర్డులు నిర్ణయాలు చేసే తీరులో మేము ముఖ్యంగా ఎత్తిచూపదలిచింది ఇదే. బలవంతుడు నోరు తెరవక్కర్లేదు, అతని కోపాన్ని అంచనా వేసుకోవడమే విధానం అవుతుంది. బలహీనుడు అర్జీ పెట్టుకున్నా అది 'సూత్రప్రాయం' దగ్గర ఆగిపోతుంది.

అసాధ్యం అన్న మాట నిజమేనా? అదే రోజుల్లో, అదే ప్రెసిడెన్సీలో, పూనాలో జోతిబా ఫూలే, సావిత్రిబాయి ఏం చేస్తున్నారు? 1848లో ఆడపిల్లలకు బడి పెట్టారు. ఆ తర్వాత నాలుగేళ్లలో మహర్, మాంగ్ పిల్లలకు బడులు నడిపారు. ఇంట్లోంచి వెళ్లగొట్టినా, వీధిలో పేడ, మట్టి విసిరినా ఆపలేదు. ఆ బడిలో చదివిన ముక్త అనే మాంగ్ అమ్మాయి తన జనం దుఃఖం గురించి రాసిన వ్యాసం 1855లో 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయింది. బోర్డు దగ్గర ఉన్నన్ని వనరులు మాలి కులంలో పుట్టిన ఫూలే దగ్గర ఎక్కడివి? విచిత్రం ఏమిటంటే బోర్డు నివేదిక వచ్చాక కొంతకాలానికే, 1852 నవంబరులో, అదే ప్రభుత్వం పూనాలో సభ పెట్టి ఫూలేకు శాలువా కప్పి సన్మానించింది. ఎవరో ఒకరు సొంత రెక్కల కష్టంతో చేస్తే శాలువా. తమ బడిలో చేయమంటే సూత్రప్రాయం.

1854 నాటి వుడ్ ఉత్తర్వుల తర్వాత 1855లో బోర్డు రద్దయి, దాని స్థానంలో విద్యాశాఖ వచ్చింది. డైరెక్టర్, ఇన్‌స్పెక్టర్లు, కొత్త రిజిస్టర్లు. జనసామాన్యానికి చదువు చెప్పడం ప్రభుత్వ బాధ్యతని వుడ్ ఉత్తర్వు ఒప్పుకుంది కూడా. మరుసటి ఏడాదే ధార్వాడ కుర్రాడు వచ్చాడు. శాఖ కొత్తది, జవాబు పాతది. బోర్డు చచ్చిపోయినా దాని తర్కం బతికే ఉంది, ఏ గుమస్తా అయినా తీసి వాడుకోగలిగేంత తేలిగ్గా.

తర్వాత ఉత్తరాల ప్రయాణం చూడండి. 1857 జనవరి 23న కలకత్తాలోని భారత ప్రభుత్వం బొంబాయికి రాసింది. మీరు చేసింది బహుశా తెలివైన పనే కావచ్చు, అయితే బెంగాల్‌లో అయితే ఈ కుర్రాణ్ని ఏ ప్రభుత్వ బడీ కాదనేది కాదు అని. మెచ్చుకోలు, చురక రెండూ ఒకే వాక్యంలో. విషయం లండన్ చేరింది. 1858 ఏప్రిల్ 28న డైరెక్టర్లు తేల్చారు. ప్రభుత్వ విద్యాసంస్థలు అన్ని వర్గాలకూ తెరిచి ఉండాలన్నదే మా ఉద్దేశం, ఆ సూత్రం నుంచి తప్పుకోలేం అని. అర్జీ పెట్టిన నాటికీ ఈ మాటకీ మధ్య 22 నెలలు గడిచాయి. ఆ 22 నెలల్లో ఒక పిల్లవాడి వయసు ఎంత కరిగిపోతుందో లెక్క వేసుకోవచ్చు. ప్రభుత్వ తీర్మానంలో అతను 'మహర్ అర్జీదారు', అంతే.

గెలిచినట్టేనా? బొంబాయి ప్రభుత్వం దానికి అనుగుణంగా చేసిన తీర్మానం చదివితే సంగతి తెలుస్తుంది. పూర్తిగా ప్రభుత్వ ఖర్చుతో నడిచే బడులు కులభేదం లేకుండా అందరికీ తెరిచి ఉంటాయి. బాగుంది. కానీ స్థానికులు చందాలిచ్చి, ప్రభుత్వంతో కలిసి ఖర్చు పంచుకునే బడుల్లో, ఆ చందాదారులు అభ్యంతరం చెబితే, కింది కులాల పిల్లల్ని ప్రవేశపెట్టే ఆలోచన ప్రభుత్వానికి లేదు. కులం పేరు చెప్పి పిల్లల్ని కాదనే బడికి సహాయం నిరాకరించే హక్కు మాత్రం ప్రభుత్వం తన దగ్గర అట్టిపెట్టుకుంది. హక్కు అట్టిపెట్టుకోవడం వేరు, వాడటం వేరు. ఉత్తర్వులో ఉన్న తలుపు వెడల్పు, మినహాయింపులో ఉన్న గడియ గట్టిదనం రెండూ కలిపి చదవకపోతే ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అర్థం కాదు. మనోళ్లు మొదటి వాక్యం చదివి చప్పట్లు కొడతారు, ఊరి కరణం చివరి వాక్యం చదివి బీరువాలో పెట్టుకుంటాడు.

ఫలితం అంకెల్లో ఉంది. 1881-82లో బొంబాయి ప్రెసిడెన్సీ ప్రాథమిక బడుల్లో కింది కులాల పిల్లలు 2,862 మంది. మొత్తంలో నూటికి ఒక్కరు కూడా కాదు, 0.87 శాతం. మిడిల్ స్కూళ్లలో 17 మంది. హైస్కూళ్లలో సున్నా. కాలేజీల్లో సున్నా. అందరికీ తెరిచి ఉండాలన్న సూత్రం వచ్చి అప్పటికి 23 ఏళ్లు దాటింది.

1882లో హంటర్ కమిషన్ కూర్చుంది. ఫూలే దాని ముందు తన వాదం పెట్టాడు. రైతుల చెమటతో వచ్చిన పన్ను పైకులాల పై చదువులకు పోతోందని, చదువు పైనుంచి కిందికి ఇంకడమన్నది జరగలేదని, ప్రాథమిక విద్య నిర్బంధం చేయాలని. కమిషన్ 1858 సూత్రాన్ని మళ్లీ ఒప్పుకుంది. వెంటనే జాగ్రత్తలు చేర్చింది. గుజరాత్ ప్రాంతంలో కొద్దిమంది ధేడ్, మహర్ పిల్లల్ని చేర్చుకున్నందుకు కొన్ని పెద్ద బడులే ఏళ్ల తరబడి మూతపడ్డాయి. వాళ్ల గుడిసెలు, పంటలు తగలబెట్టారు. ఆ దాడులు చేసినవాళ్లను ఏం చేయాలన్నది విద్యా కమిషన్ పరిధిలోకి రాలేదు. సూత్రం నెమ్మదిగా అమలు చేయాలి, తగినంతమంది పిల్లలుంటే వాళ్లకు విడి బడులు పెట్టాలి అన్నది దాని సలహా.

ఈ విడి బడి అన్న మాట దగ్గర మేము తెలుగు జిల్లాల్లోకి రావాలి. మద్రాసు ప్రెసిడెన్సీ దారి కొంచెం వేరు. మన్రో గవర్నరుగా 1822లో బడుల లెక్క తీయించాడు. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన జవాబులో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారు. ఆ ప్రెసిడెన్సీ పట్టికల్లో గడులు చూడండి. బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఆ తర్వాత 'ఇతర కులాలన్నీ', ఆ తర్వాత ముసల్మానులు. మాల అనీ మాదిగ అనీ గడి లేదు. ఈ పట్టికలే చూపించి, ఇంగ్లీషువాళ్లు రాకముందు మన దేశంలో అందరికీ చదువుండేదని 1980ల నుంచి ఒక వాదం నడుస్తోంది. శూద్ర పిల్లలు తమిళ జిల్లాల బడుల్లో పెద్ద సంఖ్యలో ఉన్నమాట వాస్తవం. తెలుగు జిల్లాల్లో బ్రాహ్మణుల వాటా ఎక్కువన్నదీ అవే పట్టికలు చెప్పే వాస్తవం. గడే లేనివాళ్ల సంగతి ఆ వాదంలో ఎక్కడా రాదు.

1893 ఫిబ్రవరి 1న మద్రాసు ప్రభుత్వం పంచముల చదువు మీద ఒక ఉత్తర్వు తెచ్చింది. విడి బడులు, బడికి పోరంబోకు స్థలం, పంచమ టీచర్ల శిక్షణకు భృతి. దాన్ని పంచమ విద్యకు మాగ్నాకార్టా అన్నారు. దానివల్ల మేలు జరగలేదని మేము అనం. మన తాతల్లో నాలుగక్షరాలు నేర్చిన వాళ్లు మిషన్ బడిలోనో ఈ వాడ బడిలోనో నేర్చినవాళ్లే. కానీ ఊరి బడి సంగతి అట్లాగే ఉండిపోయింది. 1918-19లో లెక్క తీస్తే ప్రెసిడెన్సీ మొత్తంలో ప్రభుత్వ, స్థానిక సంస్థల యాజమాన్యంలోని 8,157 బడుల్లో పంచముల పిల్లలు అడుగుపెట్టగలిగేవి 609. మిగతావాటిలో రాకూడదన్న రూలు ఏమన్నా ఉందా? లేదు. బడి అగ్రహారంలో ఉంటుంది, లేదా గుడి ఆవరణలో ఉంటుంది, లేదా అద్దె ఇంట్లో ఉంటుంది, ఇంటాయన ఒప్పుకోడు. బడి ఎక్కడ పెట్టాలో నిర్ణయించినప్పుడే ఎవరు రాకూడదో కూడా నిర్ణయమైపోయింది. 1919లో ప్రభుత్వం ఇక మీదట బడులు అందరూ రాగలిగే చోట ఉండాలంది. కూలీ డబ్బులకు బడిగది అద్దెకిచ్చే నాథుడు మన పల్లెల్లో ఎవడుంటాడు?

మేము చదువుకున్న రోజుల్లో మా మండలంలో కొన్ని ప్రాథమిక పాఠశాలల బోర్డుల మీద పేరు చివర బ్రాకెట్లో 'హెచ్.డబ్ల్యూ.' అని ఉండేది. మా బడి బోర్డు మీద కూడా. హెడ్డు వర్క్సు అనో ఏదో అనుకునేవాళ్లం. డిగ్రీలో చేరాక ఒక అప్లికేషన్‌లో బడి పేరు పూర్తిగా రాయాల్సి వచ్చి అడిగితే తెలిసింది, హరిజనవాడ అని. ఊళ్లో ఇంకో బడి ఉంది. దాని పేరు చివర ఏ అక్షరాలూ లేవు. అదేమిటో చెప్పాల్సిన పని ఎవరికీ పడలేదు.

మళ్లీ బొంబాయికి. ఎల్ఫిన్‌స్టన్ మినిట్, బోర్డు నివేదిక, ధార్వాడ తీర్మానం, హంటర్ సలహా, ఇవన్నీ ఒక్కచోట పేర్చి, వరస తప్పకుండా చూపించినవాడు అంబేద్కర్. 1928 మే 29న బహిష్కృత హితకారిణీ సభ తరఫున సైమన్ కమిషన్‌కి ఇచ్చిన పత్రంలో. ఆయన కోపంగా మాట్లాడలేదు. ఎక్కువభాగం బోర్డు చేతనే మాట్లాడించాడు. అంతకు ఏడాది ముందు, 1927 మార్చిలో, బొంబాయి శాసనమండలిలో ఆయన చదివిన అంకెలు కూడా పక్కన పెట్టుకోవాలి. సెకండరీ చదువులో అగ్రకుల హిందువులు లక్షకు 3,000 మంది, దళితులు కలిసి ఉన్న వెనుకబడిన వర్గంలో లక్షకు 14 మంది.

ఆ పత్రంలో ఆయన ముఖ్యమైన ఫిర్యాదుల్లో ఒకటి 1923 నాటి ప్రాథమిక విద్యా చట్టం మీద. ఆ చట్టం బడుల పెత్తనాన్ని స్థానిక బోర్డులకు అప్పజెప్పింది. స్వపరిపాలన అని జాతీయవాదులు సంతోషించారు. అంబేద్కర్ సంతోషించలేదు. లండన్‌లో ఉన్న డైరెక్టర్‌కి కనీసం సూత్రం అంటే కొంచెం మొహమాటం ఉంది. తాలూకా బోర్డులో కూర్చునే ఆసామికి ఆ మొహమాటమూ లేదు, ఆ బోర్డుల్లో దళితుడికి నోరూ లేదు. అదే 1923 ఆగస్టులో ఎస్.కె. బోలే పెట్టిన తీర్మానం ప్రకారం ప్రభుత్వ బడులు, బావులు, సత్రాలు అస్పృశ్యులకు తెరవాలని మండలి ఒప్పుకుంది. ఒక చేత్తో తెరిచి, ఇంకో చేత్తో తాళంచెవి ఊరికిచ్చారు.

అంబేద్కర్‌కి ఈ చరిత్ర కాగితాల మీద మాత్రమే తెలిసింది కాదు. సతారా బడిలో గోనెసంచి మీద ఓ మూల విడిగా కూర్చున్నాడు. బడి ఊడ్చే మనిషి ఆ గోనె ముట్టుకోడు కాబట్టి సాయంత్రం ఇంటికి మోసుకెళ్లి పొద్దున్నే తెచ్చుకునేవాడు. అది అందరికీ తెరిచి ఉన్న బడి. తర్వాత బొంబాయిలో చదివింది ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో, బి.ఏ. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో. అట్టడుగు కులాల పిల్లలకు చదువు ముందుగా అబ్బకూడదని మినిట్ రాసిన ఆ గవర్నరు పేరే రెండింటికీ. బోర్డు భయపడిన ఆ తరగతి ఎన్నడూ పెట్టలేదు. అయినా బోర్డు నివేదికకు 77 ఏళ్ల తర్వాత ఒక మహర్ బారిస్టరు దాన్ని పేరా పేరాగా చదివి ఒక రాయల్ కమిషన్ ముందు పెట్టాడు. పెట్టిన మరుసటి నెల, 1928 జూన్‌లో, బొంబాయి గవర్నమెంట్ లా కాలేజీలో ప్రొఫెసరుగా చేరి, రేపటి జడ్జీలకు పాఠం చెప్పడం మొదలుపెట్టాడు.